నడుమ ఓరుగల్లు



జనగామనుండి భూపాలపల్లికి పోవలసినవాడును, మహబూబాబాదునుండి భూపాలపల్లికి పోవలసినవాడును, భూపాలపల్లినుండి ఈ రెండింటిలో ఏ యూరికి రావలసినవాడును, తనకు ఇష్టమున్నను లేకున్నను, సాధారణముగా నడుమ నొకచోట దిగి, గంటయో రెండు గంటలో నిలిచి, మరియొక బండి నెక్కవలసినదే. ఆ నడిమి చోటు ఓరుగల్లు. నగరమునకు నైరుతిన జనగామ, ఆగ్నేయమున మానుకోట యని మనవారు నేటికిని పిలుచుకొను మహబూబాబాదు, ఈశాన్యమున భూపాలపల్లి, ఒక్కొక్కటి ఇంచుమించు అరువది డెబ్బది కిలోమీటర్ల దూరములో, పెద్దింటి పెండ్లిలో తప్ప కలిసికొనని ముగ్గురు వియ్యంకులవలె, నగరము తమను పలుకరించినప్పుడే ఒకరినొకరు పలుకరించుకొనుచున్నవి.

ఈ మూడు ప్రాంతములును 2016 అక్టోబరు 11, విజయదశమి వరకు, చాల భాగము వరంగల్లు జిల్లా యను ఒక్క పేరుక్రిందనే యుండెడివి. ఆనాడు తెలంగాణమునందలి పది జిల్లాలు ముప్పదియొకటి కాగా, జనగామయు, మహబూబాబాదును, జయశంకర్ భూపాలపల్లియు తమ తమ కలెక్టరులతో తమ తమ కచేరీలతో వేరుపడినవి. 2019 లో భూపాలపల్లినుండి ములుగు విడివడినది. 2021 లో మిగిలిన నగరమే రెండు జిల్లాల పాలై, హనుమకొండ ఒక జిల్లాయు వరంగల్లు మరియొక జిల్లాయు నైనవి. కావున నేడు వరంగల్లు స్టేషనులో దిగి హనుమకొండ బస్టాండునకు ఆటోలో పోవు ప్రయాణికుడు, నడిబజారులోనే, తనకు తెలియకయే ఒక జిల్లాను విడిచి వేరొక జిల్లాలో ప్రవేశించుచున్నాడు. ఆ సరిహద్దు ఏ దుకాణమునకును ఏ దుకాణమునకును నడుమ నున్నదో ఆటో నడుపువాడు చెప్పజాలడు. చెప్పవలసిన అగత్యము అతనికి లేదు. మానుకోట రైతు తన పాసు పుస్తకముకొరకు ఇప్పుడు ఓరుగల్లునకు రానక్కరలేదన్న మాట నిజమే కాని, మిరపకాయ బస్తాలతో రాకుండుట ఎట్లు? కాగితము విభజించినదానిని దారి విభజింపలేదు. నేటి నా ప్రసంగము ఆ దారిలోని మజిలీని గురించి.

మజిలీ యనగానే మనవారి మనస్సు ఈ మధ్య విమానములమీదికి పోవుచున్నది. కొడుకునో కోడలినో చూచుటకు అమెరికాకు పోయివచ్చిన పెద్దలు, సింగపూరు విమానాశ్రయములో కొన్ని గంటలు నిలిచినందులకు, అచ్చటి పూలతోటలనుగూర్చియు నేల యద్దమువలె మెరయుటనుగూర్చియు సంవత్సరమంతయు చెప్పుచుందురు. వినుటకు బాగుగనే యుండును. కాని ఆ పెద్దలే విమానమునకు పోవుటకు ముందెన్నడో, కాలేజీ ఫీజు కట్టుటకో, దవాఖానలో చూపించుకొనుటకో, పెండ్లి బట్టలు కొనుటకో, ఓరుగల్లులో నిలిచిన గంటలను లెక్కకు తెచ్చుకొనరు. అదియు కర్కాటక రేఖకు దక్షిణమున, ఉష్ణమండలములో, జనముతో క్రిక్కిరిసిన ఆసియా నగరమే. హైదరాబాదు తరువాత తెలంగాణమునకు రెండవ నగరము. మే నెలలో మిట్టమధ్యాహ్నము వరంగల్లు చౌరస్తాలో నిలిచినవానికి ఉష్ణమండల మన నేమో ఏ భూగోళ శాస్త్రమును బోధింపనక్కరలేదు.

ఈ మజిలీకి మూలకారణము పొగబండి. నిజాము రాజ్యపు రైలుమార్గము 1886 లో సికింద్రాబాదునుండి వరంగల్లును చేరి, 1889 నాటికి బెజవాడను ముట్టినది. జనగామ స్టేషనును మహబూబాబాదు స్టేషనును ఆ దారిమీదివే. తరువాత కాజీపేటనుండి బల్హార్షా దిక్కుగా మరియొక మార్గము సాగి, 1929 నాటికి ఢిల్లీయు మదరాసును మన యూరిమీదుగా కలసినవి. ఇన్ని దారులు కలసినను భూపాలపల్లికి మాత్రము ప్రయాణికుల రైలు నేటివరకు పోలేదు. ఒకప్పుడు ఇంజనుల కడుపులు నింపిన సింగరేణి బొగ్గు ఆ నేలలోనే యున్నది. చెల్పూరులో ఆ బొగ్గుతో కరెంటు పుట్టించు కర్మాగారమున్నది. కాని ఆ బొగ్గును త్రవ్వు మనిషి ఇంటికి పోవుటకు రైలు దిగి బస్సెక్కవలయును. ఇనుపదారి ముగిసి తారుదారి మొదలగు ఆ సంధిలోనే ఓరుగల్లు మజిలీ పుట్టినది. రైలు భూపాలపల్లిదాక పోయియుండినచో, మానుకోటవాడు కిటికీలోనుండి వరంగల్లు స్టేషను బోర్డు చదివి మరల కునుకు తీసెడివాడు. ఇన్ని చాయ దుకాణములు బ్రతికెడివి కావు.

నగరమునకు మూడు ముఖములు. పడమటనుండి వచ్చువానికి కాజీపేట, తూర్పునుండి వచ్చువానికి వరంగల్లు, బస్సువానికి హనుమకొండ. త్రినగరి యని పత్రికలవారు వ్రాయుదురు. జనగామనుండి బస్సులో వచ్చువాడు స్టేషన్ ఘనపురము, కాజీపేట దాటి నేరుగా హనుమకొండలో దిగును. అతని మజిలీ సుఖమైనది, పరకాలమీదుగా భూపాలపల్లికి పోవు బస్సు అచ్చటనే దొరకును. మానుకోటనుండి రైలులో వచ్చినవాని పని వేరు. వరంగల్లు స్టేషనులో దిగినవానికి రెండు దిక్కులు: ఎదుటికి వచ్చినచో చౌరస్తా, బజారులు, ఆవల హనుమకొండ, వెనుకకు పోయినచో శివనగరు, ఆవల ఖిలా యను కోట. ఈ సందిగ్ధమును ఆటోవాడు ఒక్క ప్రశ్నలో తేల్చివేయును.

"యాడికి పోతానవ్ సారూ, ఖిలకా, చౌరస్తకా?"

హనుమకొండ బస్టాండు అన్నంతనే అతడు నా మాట పూర్తి కాకమునుపే మరి నలుగురిని ఎక్కించుకొనెను. ప్రయాణికుని గమ్యమునుబట్టి అతని విలువ ఆటోవాని కండ్లలో నొక్క క్షణములో నిర్ణయమగును. బస్టాండునకు పోవువాడు షేరు ఆటోవాడు, ఖిలకు పోవువాడు కిరాయి ఆటోవాడు.

ఒక్క దినము ఓరుగల్లులో గడిపిన ప్రయాణికులలో నెల్ల ప్రసిద్ధులు ఇద్దరు కలరు. వారు పుట్టినది కావ్యములో. క్రీడాభిరామమున గోవింద మంచనశర్మ యను బ్రాహ్మణుడును, అతని చెలికాడు టిట్టిభసెట్టి యను వైశ్యుడును, కాకతీయుల నగరములో ఉదయమునుండి రాత్రివరకు తిరుగుచు, చూచినదానినెల్ల ఒకరికొకరు చెప్పుకొందురు. రావిపాటి త్రిపురాంతకుడు సంస్కృతమున రచించిన ప్రేమాభిరామము దీనికి మూలము. ఆ మూలము నేడు దొరకుట లేదు. తెలుగు కృతి వినుకొండ వల్లభరాయని పేర నున్నది. శ్రీనాథునిదే యని వేటూరి ప్రభాకరశాస్త్రిగారు వాదించిరి. కర్త ఎవరైనను, ప్రాచీనాంధ్ర వాఙ్మయములో మనకు మిగిలిన వీథి రూపక మిదియొక్కటే. సురవరము ప్రతాపరెడ్డిగారు ఆంధ్రుల సాంఘిక చరిత్ర వ్రాయునపుడు, శాసనములు చెప్పని సంగతులకు ఈ చిన్న పొత్తమును మరల మరల తెరచుకొనిరి.

ఈ మిత్రులిద్దరును ఏమి చూచిరి? పల్నాటి వీరుల కథ పాడువారిని చూచిరి, కోడిపందెములు, పొట్టేళ్ల పోరు చూచిరి, ఏకవీరాదేవిని సేవించిరి, మాచల్దేవి యింటి చిత్రశాలను కన్నులార చూచిరి, ప్రొద్దు నడినెత్తికి రాగా పూటకూళ్ల యింటిని తలచుకొనిరి. అచ్చట ఒక్క రూకకు వడ్డింపబడు భోజనమును కవి యొక పద్యమంత చోటులో సర్దినాడు: సన్నని వరియన్నము, గోధుమపిండి వంట, పంచదార, క్రొత్తగా కాచిన నేయి, పెసరపప్పు, అరటిపండ్లు, కూరలు, పెరుగు. ఆ పద్యము చదివిన ప్రతిసారియు నాకు తోచునది ఒక్కటే: ఇది ఊరివాడు వ్రాసిన పద్యము కాదు. ఊరివాడు ఇంటిలో తినును. పూటకూళ్ల యిల్లు బాటసారికే యిల్లు. కోటగోడల యెత్తును రాజు వ్రాయించుకొనును. భోజనపు వెలను బాటసారి వ్రాసికొనును. కాకతీయుల పట్టణములో మధ్యాహ్నము ఏమి తినిరో మనకు తెలియుటకు ఒక పూట నిలిచి పోయినవాని ఆకలి కారణము.

కావున కొద్దిసేపు నిలుచుటను తక్కువగా చూచు పండితులతో నేను ఏకీభవింపను. ఆరు నెలలుండినవాడు నగరమును అలవాటు చేసికొని చూచుట మానివేయును. రెండు గంటలు నిలిచినవానికి చూచుట తప్ప వేరు పనిలేదు. ఉన్నను, బస్సు రాదు.

ఇప్పటి టిట్టిభసెట్టులు ఎక్కువగా పోవునది ఏనుమాముల మార్కెట్టునకు. జనవరినుండి ఎండలు ముదురువరకు, మానుకోట ప్రాంతమునుండియు భూపాలపల్లి ప్రాంతమునుండియు మిరపకాయ బస్తాలు డీసీఎం వ్యానులలో, ట్రాక్టరులలో రాత్రంతయు దిగుచుండును. యార్డులో అడుగు పెట్టకమునుపే తుమ్ములు మొదలగును. క్రొత్తవాడు ముక్కునకు తువ్వాలు కట్టుకొనును, పాతవాడు కట్టుకొనడు. రైతు తన బస్తాలమీదనే పండుకొని తెల్లవార్చును. ఉదయమున మొదట జెండా పాట యగును. వచ్చిన సరుకులో మేలైనదానికి వ్యాపారులు పాడిన గరిష్ఠమైన ధర అది. దినమంతయు మిగిలిన బస్తాలకు ధర ఆ జెండాకు దిగువననే నడచును. ఎంత దిగువనో కొను వ్యాపారి వ్రేళ్లు నిర్ణయించును. అతడు వచ్చి బస్తా మూతి విప్పి, లోపలికి మోచేతివరకు చేయి దూర్చి, అడుగునుండి పిడికెడు తీసి, ఒక కాయను రెండుగా విరిచి, గింజను చూచి, తొడిమను చూచి, విరిచినప్పుడు వచ్చిన చప్పుడును బట్టి తేమను గ్రహించి, తెల్లబారిన తాలు కాయ లెన్ని యున్నవో ఒక్క చూపులో అంచనా కట్టి, ఒక సంఖ్య చెప్పి ముందుకు నడచును. ఆ సంఖ్య రైతు సంవత్సరము. అంతసేపును రైతు అతని ముఖమును చూడడు, అతని వ్రేళ్లనే చూచును.

గూడూరు దిక్కునుండి వచ్చిన యొక పెద్దమనిషిని, జెండా పాట ఎంతవరకు పోయినదని అడిగితిని. ఆయన బీడీ ఆర్పి, "జెండది జెండకే సారూ, మనది మనకే" అనెను. ఇంత క్లుప్తమైన ధరల నివేదిక మన పత్రికలలో నే నెన్నడును చదువలేదు.

అచ్చటి సరుకులో తేజ యను కారపు రకము ఒకవైపు కుప్పలుగా నుండగా, వేరొకవైపు పొట్టిగా, లావుగా, చపాటా యనియు సింగిల్ పట్టి యనియు పిలుచు రకము కనబడును. కారము స్వల్పము, ఎరుపు అపారము. రంగు తీయువారికి ఇదియే కావలయును. ఆవకాయకును దీనిని కోరువారున్నారు. 2025 లో వరంగల్ చపాటా మిర్చికి భౌగోళిక గుర్తింపు వచ్చినది. గుర్తింపు వచ్చిన సంగతి రైతునకు తెలిసియున్నది. గుర్తింపునకు ధరలో ఎంత కలిపినారో అని ఆయన నన్నే తిరిగి ప్రశ్నించెను.

మార్కెట్టునుండి నగరములోనికి వచ్చు దారికి చేరువనే కొత్తవాడ. అచ్చట దర్రీలని కూడ పిలుచు జంపఖానాలు నేయుదురు. 1851 లో లండనులో జరిగిన మహాప్రదర్శనమునకు ఓరుగల్లు తివాచీలు పోయినవి. 2018 లో వరంగల్లు దర్రీలకును భౌగోళిక గుర్తింపు లభించినది. మగ్గము ముందు కూర్చున్న నేతగాని చేతిలో పంజా యను ఇనుప పనిముట్టు పేకను దిగగొట్టుచుండగా వచ్చు ధ్వని వీధిలోనికి వినబడును. ఆ వీధిలో నాకు కనబడిన మగ్గములకంటె మూతపడిన తలుపులే ఎక్కువ. 1934 లో నిజాము నెలకొల్పిన ఆజంజాహి మిల్లు కూడ ఈ నగరములోనిదే. ఎన్నో వేల కుటుంబములకు అన్నము పెట్టి, అదియు మూతపడినది. మగ్గము మిల్లునకు ఓడిపోయినదని చదువుకొన్నాము. ఇచ్చట మిల్లు ముందే పోయి, మగ్గము ఇంకను మిణుకుమిణుకు మనుచున్నది. మూడు జిల్లాలలోని పెండ్లి పందిళ్లలో మనము కూర్చున్న జంపఖానాలు చాలవరకు ఇచ్చటివే యగుటచేత ఈ మాట చెప్పవలసివచ్చినది.

ఎం.జి.ఎం. దవాఖాననుగూర్చి ఎక్కువ చెప్పను. ఓరుగల్లులో మజిలీ చేయువారిలో సగముమంది దానికొరకే దిగుదురు. ప్రతి కుటుంబమునకును దానిని గురించి చెప్పుకొనుటకు ఒక కథ యున్నది, ఆ కథలు వారివే. పాత కేంద్ర కారాగారమును 2021 లో కూల్చి, ఆ స్థలములో బహు అంతస్తుల క్రొత్త దవాఖాన కట్టుచున్నారు. మా తాతల కాలములో ఓరుగల్లునకు పోయినాడనగా జైలునకా యని అడిగెడివారు. మన మనుమలు దవాఖానకా యని అడుగుదురు. స్థలము మాత్రము ఒక్కటే.

హనుమకొండ చౌరస్తాకు చేరువ, బస్టాండునకు నడచిపోదగిన దూరములో, వేయిస్తంభముల గుడి యుండుట మజిలీవానికి లభించిన మహాభాగ్యము. దేవాలయములు కొండలమీదను అడవులలోను వెలయుట లోకసామాన్యము. ఇది మాత్రము దారిప్రక్కన, చెప్పుల దుకాణములకును టిఫిన్ సెంటరులకును సమీపమున, బస్సు తప్పినవానికి అందుబాటులో నున్నది. కాకతి రుద్రదేవుడు 1163 లో దీనిని కట్టించెను. శివుడు, విష్ణువు, సూర్యుడు, ముగ్గురికి మూడు గర్భాలయములు. నడుమ నొక్క రంగమండపము. ఎదుట నల్లరాతి నంది. అచింతేంద్రుడను కవి రచించిన శాసనము గుడిలోనే యున్నది. రుద్రదేవుడు తన జయములను అందులో వరుసగా చెప్పించుకొని స్వతంత్రుడనని చాటుకొన్నాడు. ముగ్గురు దేవతలనొక్క మండపములోనికి తెచ్చిన రాజనీతియు, మూడు జిల్లాలనొక్క బస్టాండులోనికి తెచ్చిన రోడ్డు రవాణా సంస్థ నీతియు ఒక్కటే యని నా మిత్రుడొకడు పరిహాసమాడును.

రంగమండపములోని స్తంభములను దూరమునుండి చూచుట వ్యర్థము. దగ్గరకు పోయి వ్రేలితో తడవవలయును. గట్టి నల్లరాయిని సానపట్టి, చట్రములు చట్రములుగా త్రిప్పి చెక్కినట్లున్న ఆ మెడల మీదుగా వ్రేలు పోనిచ్చినచో ఎచ్చటను గరుకు తగులదు. పూసల వరుసకును రాతికిని నడుమ సూది దూరునంత సందును శిల్పి విడిచినాడు. ఆ సందులో ఎనిమిదిన్నర శతాబ్దముల దుమ్ము చేరినది. నేను చూచునపుడు ఒక స్తంభమునకు జారగిలి, ముదురు రంగు కవరులో ఎక్సరే పటము, దాని ప్రక్కన నాలుగు గిన్నెల టిఫిన్ డబ్బా, వాని ప్రక్కన నొక ముసలి దంపతులు. వారు దేవుని చూడవచ్చినవారు కారు. దవాఖాన కాగితములు సాయంకాలముగాని చేతికి రావని చెప్పిరట. అంతవరకు చల్లని రాయిమీద కూర్చుండుటకు వచ్చిరి. ముసలాయన రాతికి వీపు ఆనించి కన్నులు మూసికొనియుండెను. ఆమె నన్ను చూచి, నేను ఆలయోద్యోగిననుకొనెనేమో, "లేవమంటరా అయ్యా?" యని అడిగెను. లేవనక్కరలేదని చెప్పితిని. రుద్రదేవుడుండినను అదియే చెప్పియుండునని నా నమ్మకము.

గుడికి ఎదురుగా నున్న కల్యాణమండపమును, పునాది క్రుంగి వాలుచున్నదని, 2006 లో రాయి రాయి విప్పి, ప్రతి రాతిమీద అంకె వేసి ఉంచిరి. కాకతీయుల స్థపతులు ఇసుకపెట్టె పునాదిమీద కట్టిరి. ఆ పద్ధతిని గ్రహించి తిరిగి నిలబెట్టుటకు 2024 వరకు పట్టినది. ఆ నడుమ నేండ్లలో గుడికి వచ్చినవారు, అంకెలు వేసిన స్తంభములు నేలమీద పండుకొనియుండగా చూచిరి. ఆ దృశ్యము నాకు నిలిచిన మండపముకంటె ఎక్కువ నేర్పినదని చెప్పినచో భక్తులు క్షమింతురు గాక. నిలిచియున్నప్పుడు స్తంభము అడుగున ఏమున్నదో ఎవరికి కనబడును?

ఖిలానుగూర్చి యడుగుదురేమో. రెండు గంటలలో ఖిలా చూచితినని చెప్పువానిని నమ్మవలదు. మట్టికోట దాటి రాతికోటలో ప్రవేశించి, స్వయంభూ దేవుని ఆలయము నిలిచియుండిన చోట, నాలుగు దిక్కుల నాలుగు కీర్తితోరణములు తలుపులు లేక, గోడలు లేక, తామే ద్వారములై తామే యిండ్లై నిలిచియుండుట ఫోటోలో అందరును చూచినదే. 2014 లో రాష్ట్ర చిహ్నముమీదికి ఎక్కిన తోరణము అదియే. ఫోటోలో కనబడనిది తోరణముల నడుమ పరచియున్న విరిగిన రాళ్ల రాశి. 1323 లో ఢిల్లీ సేనలు నగరమును గెలిచిన పిదప ఆలయము నేలకూలినది. ఆ రాళ్లలో సగము చెక్కిన హంసను, తల లేని సింహమును, ఎవరి మెడదో తెలియని హారమును వెదకుకొనుచు నడచుటకు ఒక ప్రొద్దంతయు కావలయును. కోటలోపల నేటికిని పొలములున్నవి, ఇండ్లున్నవి, బర్రెలు కందకపు నీటిలో దిగును. దీనికి వేరొకసారి, బస్సు చింత లేకుండ, ఇంటినుండి సద్ది కట్టుకొని రావలయును. మజిలీలో ఖిలాను చొప్పించువారు ఖిలాకును న్యాయము చేయరు, మజిలీకిని చేయరు.

ఓరుగల్లులో కొద్దిసేపు నిలుచుట ఇటీవల నొక క్రొత్త రూపము తాల్చినది. 2023 డిసెంబరు 9 నుండి, మన ప్రభుత్వపు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు చార్జీ లేదు. కండక్టరు జీరో టికెట్టు చింపి యిచ్చును. దీనినిగూర్చి పక్షములు పలుకువారు పలుకుచున్నారు. పురుషులు నిలబడి ప్రయాణము చేయవలసి వచ్చుచున్నదన్న ఆక్షేపణమును నేనును నిలబడియే వింటిని. కాని హనుమకొండ బస్టాండులో నా కంటికి కనబడిన మార్పు వేరు. ఇంతకు పూర్వము ఆడువారి ప్రయాణము మగవాని పనికి తోడుగా సాగెడిది; దవాఖాన, పెండ్లి, తద్దినము, వీనిలో ఏదియో నొకటి యుండవలయును. ఇప్పుడు వారు తమంతట తాము బయలుదేరి, తమకు తోచినచోట దిగి, తమకు తోచినంతసేపు నిలుచుచున్నారు. మేడారము జాతర రెండేండ్లకొకసారి వచ్చును; అప్పుడు ఈ బస్టాండు ఎట్లుండునో ఎరిగినవారు మామూలు శుక్రవారము సాయంకాలమును చూచి ఇది జాతర యనుకొనుట సహజము.

అట్టి యొక సాయంకాలము, నేను ఎక్కవలసిన భూపాలపల్లి బస్సు వచ్చి ఆగుటకు మునుపే కిటికీలలోనుండి తువ్వాళ్లు, సంచులు, ఒక చంటిపిల్లవాని టోపి, సీట్లలోనికి పోయినవి. నాకు దొరకిన సీటు ప్రక్కన, ఒడిలో అట్టపెట్టె పెట్టుకొని యొక పెద్దామె కూర్చుండెను. జనగామకు దగ్గరనే పెంబర్తినుండి వచ్చినదట. పెంబర్తి యనగానే నేను అచ్చటి కంచరుల పనితనమును ప్రశంసింప నారంభించితిని. ఆమె వినుచున్నట్లు తల యూపి, మా యింటాయన ఆ పని ఎన్నడో మానినాడని ఒక్క మాటతో నా ప్రశంసను ముగించినది. బిడ్డను భూపాలపల్లిలో ఇచ్చినారు. అల్లుడు సింగరేణి బాయిలో పనిచేయును. మొదటి షిఫ్టు దిగి నిద్రపోవు వేళకు పోయినచో అతనికి నిద్రాభంగమని, సాయంకాలమునకు పోవునట్లు బయలుదేరినది. కాని మధ్యాహ్నమే హనుమకొండలో దిగినదానవు గదా, ఇంతవరకు ఏమి చేసితివమ్మా యని అడిగితిని.

"రెండు బస్సులు ఇడిసిపెట్టిన సారూ" అనెను, ఏమాత్రమును సంకోచింపక.

"ఎందుకమ్మా?"

"గాజులకు. జనగామల గీ రంగు దొరుకదు, భూపాలపల్లిల అస్సలే దొరుకదు. మా బిడ్డకు ఏడో నెల. ఇండ్లకెల్లి పోతాంటె ఓరుగల్లుల దిగకుండ ఎట్ల పోతం? బస్సేముంది, గంటకోటి వస్తది."

పెట్టె మూత తీసి చూపినది. ఆకుపచ్చనివి, డజనుకు డజను దారముతో కట్టినవి, నడుమ పత్రిక కాగితము. చౌరస్తాలో ఒక దుకాణమువాడు చెప్పిన ధరను ఆమె ఎట్లు సగమునకు తెచ్చినదో, అతడు ఎట్లు వెనుకనుండి పిలిచినాడో, ఆమె ఎట్లు విననట్లు నాలుగు అడుగులు నడచినదో, ములుగు రోడ్డు దాటువరకు వివరముగా చెప్పినది. నేను వేయిస్తంభముల గుడిలో గడపిన సమయమునుగూర్చి చెప్పుటకు తగిన సందు దొరకలేదు. ఆత్మకూరు దాటినది. ఆమె పెట్టెను జాగ్రత్తగా మూసి, దానిని పట్టుకొనుమని నాకిచ్చి, కొంగున కట్టిన జీరో టికెట్టును విప్పి తనిఖీకి సిద్ధముగా పట్టుకొనెను.

"పరకాల దిగేటోళ్లు ముంగటికి రాండ్రి, ఆడ ఆగేది తక్కువ" అని కండక్టరు కేక వేసెను. బస్సులో సగముమంది లేచి నిలబడిరి. పెట్టె నా చేతిలోనే యున్నది.